సుబ్బన్నను పిలుచుకొని రాపో

డోన్,
28 మే 2007

చిరంజీవి ప్రదీప్‌కుమార్‌కు అక్క సుబ్బరత్నమ్మ ఆశీస్సులు.

ఫోన్ చేస్తే "సిగ్నల్ లేదక్కా" అని కోసేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాగితాన్ని కోసేయడానికి మీట ఉండదు, చివరిదాకా చదవాల్సిందే.

మా విత్తన సంఘానికి మీ కడప కంపెనీ చేసిచ్చిన కొత్త కంప్యూటర్ ఫారం వచ్చి మూడు వారాలైంది. దాన్ని తయారుచేసింది మా చిన్నాన్న కొడుకేనని కౌంటర్ దగ్గర వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పుకున్నాను. నోరు మూసుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తున్నది.

నా పని నీకు తెలుసు. రైతు రాసిచ్చిన దరఖాస్తు చూసి వరుసగా కొడతాను. పేరు, సర్వే నంబరు, ఎకరాలు, మండలం, ఊరు, చివరి గడిలో తండ్రి పేరో భర్త పేరో. ఎంటర్ కొడితే నా పని అయిపోతుంది. కూపన్ గోదాములో అచ్చవుతుంది. అది చూపిస్తే వేరుశనగ బుడ్డల విత్తనం మూట ఇస్తారు.

నిన్న పక్క పల్లె చెన్నమ్మ గోదాము నుంచి కౌంటర్‌కు తిరిగి వచ్చింది. ఆమె కూపన్ మీద రైతు పేరు సుబ్బన్న అని పడింది. సుబ్బన్న ఆమె మొగుడు. గోదాము గోపన్న "కూపన్ సుబ్బన్న పేరు మీద ఉండాది, సుబ్బన్నను పిలుచుకొని రాపో" అన్నాడట.

"ఆయప్ప పోయి ఆరేండ్లాయ గదమ్మా. బతికినప్పుడే పిలిస్తే పలికేటోడు కాదు, ఇప్పుడు పిలిస్తే వస్తాడా?" అని ఆమె నన్ను అడిగింది.

దరఖాస్తు తీసి చూశాను. నేను కొట్టింది సరిగ్గానే కొట్టాను, నా వేళ్ళకు తెలుసు. మరి చివరి గడిలో ఉండాల్సిన సుబ్బన్న మొదటి గడిలోకి ఎట్లా ఎక్కాడు? నీ ఫారంలో ఏముందో చూసి చెప్పు.

అక్క


కడప,
3 జూన్ 2007

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. అమ్మ కూడా చదివి నవ్వింది. ఈ కాలంలో ఉత్తరం రాసేది నువ్వొక్కదానివే అక్కా!

నువ్వు కంగారు పడాల్సింది ఏమీ లేదు. పాత ఫారంలో ఊరు ఎంచుకోగానే పేజీ మొత్తం తెల్లబోయి మళ్ళీ మొదటినుంచి వచ్చేది గుర్తుందా? అర నిమిషం చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు అట్లా కాదు. ఊరు ఎంచుకోగానే ఆ ఊరి గోదాములో ఎంత విత్తనం ఉందో కనుక్కొచ్చి, పేజీని కదిలించకుండా కావాల్సిన ముక్క ఒక్కటే మారుస్తుంది. బెంగళూరులో పెద్ద కంపెనీలు ఇప్పుడిప్పుడే చేస్తున్న పని ఇది. మన సీమలో మొదట చేసింది నేనే. ఇక్కడ అందరం పరీక్షించి చూశాం, ఒక్క తప్పూ రాలేదు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు కొట్టేటప్పుడు తెర వైపు చూస్తున్నావా? ఒక గడి అయ్యాక మౌస్‌తో తర్వాతి గడి మీద నొక్కి, కర్సర్ అక్కడికి వచ్చిందా లేదా చూసుకుని, అప్పుడు కొట్టు. ఆలూరు కౌంటర్‌లో ప్రేమయ్య అట్లాగే చేస్తాడు. అదే ఫారం, అదే కనెక్షన్. మూడు వారాల్లో అతనిది ఒక్క తప్పూ లేదు.

వయసు పెరిగేకొద్దీ కొత్తవాటికి అలవాటు పడటం కొంచెం కష్టమే. మెల్లగా వస్తుందిలే.

తమ్ముడు ప్రదీప్


డోన్,
8 జూన్ 2007

చిరంజీవి ప్రదీప్‌కు ఆశీస్సులు.

నా వయసు గురించి నువ్వు చూపించిన దయకు కళ్ళు చెమర్చాయి. ఆ చెమర్చిన కళ్ళతోనే నిమిషానికి అరవై మాటలు కొడుతున్నాను నాయనా.

ప్రేమయ్య సంగతి చెప్పావు. మంచివాడే, నేను కాదనను. కుడిచేతి చూపుడువేలితో ఒక అక్షరం కొట్టి, అది తెరమీద పడిందా అని చూసి, తృప్తిపడి, రెండో అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటాడు. పూటకు పన్నెండు దరఖాస్తులు. నావి తొంభై. బండి తీయనివాడు గుద్దడు, అందులో వింతేముంది?

తెర చూస్తున్నావా అని నన్ను అడుగుతున్నావు. ఇరవై మూడేళ్ళు డోన్‌లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని నేను. పిల్లల చేతుల మీద గుడ్డ కప్పి నేర్పించాను. కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద. తల తిప్పితే చెక్క స్కేలు. నా దగ్గర నేర్చినవాళ్ళు కోర్టుల్లో, రైల్వేలో పాతికేళ్ళు ఉద్యోగాలు చేశారు. ఒక్కడు మాత్రం గుడ్డ కింద నుంచి తొంగి చూసి, లోయర్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. వాడెవడో నీకు చెప్పనక్కరలేదు. వాడే ఇప్పుడు ఫారాలు తయారుచేసి, తొంగి చూడకపోవడం తప్పు అంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడని ఇదివరకు అనేవాళ్ళు. ఇప్పుడు మద్దెల చేసినవాడే ఆడేవాళ్ళను తిడుతున్నాడు.

ఇక్కడి సంగతి విను. నలభై మూడు కూపన్లు తప్పు పడ్డాయి. అన్నీ నేను కొట్టినవే. మొగుళ్ళూ, తండ్రులూ పైగడిలోకి ఎక్కి కూర్చున్నారు. చాలామంది పోయినవాళ్ళే. కొందరు సగమే ఎక్కారు, ఒక కూపన్ మీద రైతు పేరు "శ్వర్లు" అని ఉంది. వెంకటేశ్వర్లులో మిగతా భాగం ఎక్కడ పోయిందో నీకే తెలియాలి. గోదాము ముందు పొద్దున్నే క్యూ, గోపన్న ఒక్కొక్క పెద్దమనిషి పేరూ గట్టిగా పిలవడం, జనం "వాడు పోయినాడప్పా" అనడం. తద్దినాల లెక్క చెప్పినట్లు ఉంది వ్యవహారం.

నవ్వు ఆగిపోయే మాట ఒకటి. సంఘం సెక్రటరీ రాఘవేంద్రప్రసాద్ గారు మీ కంపెనీని రిపోర్టు అడిగారు. తప్పు ఫారందా, నాదా? నాదని వస్తే కౌంటర్ నుంచి తీసేస్తారు. ఉద్యోగం పోతే పోనీ, ఒంటిదాన్ని, ఎట్లాగో బతుకుతాను. కానీ సుబ్బరత్నమ్మ చేతిలో తప్పు పడిందని ఈ ఊళ్ళో అనిపించుకుని బతకలేను. నాకు ఉన్నది ఆ పేరు ఒక్కటే.

రిపోర్టు ఎవరు రాస్తున్నారో కనుక్కో. నిజం రాయమని చెప్పు.

అక్క


కడప,
13 జూన్ 2007

అక్కకు నమస్కారాలు.

రిపోర్టు విషయం పైవాళ్ళు చూసుకుంటున్నారు. నా దాకా రాదు. వచ్చినా అదంతా మామూలు తతంగమే, ఎవరికీ ఏమీ కాదు. నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

నాలుగు రోజులు సెలవు పెట్టి ఇక్కడికి రాకూడదా? మంచి కంటి డాక్టరు ఉన్నాడు, చూపించుకోవచ్చు. అమ్మ నిన్ను చూసి చాలా రోజులైందంటున్నది. నాన్న షాపు ముందు కొత్త బోర్డు పెట్టాం. ఎండలు విపరీతంగా ఉన్నాయి. అక్కడ వాన ఏమైనా పడిందా?

ఇన్‌స్టిట్యూట్ మిషన్లు ఇంకా ఉన్నాయా, అమ్మేశావా?

ప్రదీప్


డోన్,
20 జూన్ 2007

కుందేరు సాఫ్ట్‌వేర్ కంపెనీ, టెక్నికల్ లీడ్, శ్రీ ప్రదీప్‌కుమార్ గారికి,

తమరు దయతో రాసిన రిపోర్టు నకలును సంఘంవాళ్ళు నా మెమోతో జతచేసి ఇచ్చారు. తమరి దాకా రాని విషయం మీద తమరి సంతకం చాలా అందంగా ఉంది. "ఫారంలో ఏ లోపమూ లేదు. వయసు మీరిన ఆపరేటర్ తెరను చూడకుండా అజాగ్రత్తగా నమోదు చేయడమే కారణం." తేదీ పదకొండు. నాకు దిగులు వద్దని తమరు ఉత్తరం రాసింది పదమూడున. మధ్యలో రెండు రోజులు అన్నం బాగానే దిగిందా?

నన్ను కౌంటర్ నుంచి తీసేశారు. వెనక గదిలో పాత దరఖాస్తులకు కట్టలు కట్టే పని ఇచ్చారు. నా కుర్చీలోకి ఆలూరు నుంచి ప్రేమయ్యను తెచ్చారు. ఆ మనిషి పాపం సిగ్గుపడి "నాకు శానా బాధగా ఉండాదమ్మా, నేను మీ కాడ నేర్చుకోవాల్సినోణ్ణి" అన్నాడు. పరాయివాడికి ఉన్నపాటి సిగ్గు ఇంటివాడికి లేకపోయింది.

ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. మహానంది ఈశ్వరుడికి కంప్యూటర్ రాదేమో, నాకు వచ్చు. కుర్చీ దిగే ముందు, ఇన్నేళ్ళలో మొదటిసారి నియమం తప్పి, తల ఎత్తి తెర చూస్తూ ఒక్క దరఖాస్తు కొట్టాను. ఊరు ఎంచుకున్నాను. ట్యాబ్ మీట నొక్కి చివరి గడిలోకి వెళ్ళాను. భర్త పేరు మొదలుపెట్టాను. అప్పుడు వచ్చింది నీ విత్తనం లెక్క, రెండు సెకన్లు ఆలస్యంగా. వచ్చి ఫారం మొత్తం ఒక్క కుదుపు కుదిపింది. మిణుకుమనే కర్సర్ చివరి గడిలోంచి లేచి, మొదటి గడిలోకి వెళ్ళి కూర్చుంది. అక్కడున్న రైతు పేరు చెరిగిపోయి, దాని మీద నా వేళ్ళ కింద ఉన్న భర్త పేరు పడింది.

ప్రేమయ్య వేలు అక్షరం వెతుక్కునేలోపు నీ లెక్క వచ్చిపోతుంది కాబట్టి అతనికి తప్పులు రావు. తొందరగా పని చేసేవాళ్ళకే శిక్ష వేసే యంత్రాన్ని తయారుచేశావు.

బంతిలో కూర్చుని తింటుంటే, వడ్డించేవాడు పక్కాయన ఆకు మార్చడానికి వచ్చి, మనల్ని చెయ్యి పట్టి లేపి బంతి మొదట్లో కూర్చోబెట్టాడనుకో. చేతిలో ఉన్న ముద్ద ఎవరి ఆకులో పడుతుంది? అప్పుడు "ఈమెకు తినడం రాదు" అని వాడు రిపోర్టు రాయవచ్చునా?

దీనితో ఒక గుడ్డ పంపుతున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో నీ చేతుల మీద కప్పినదే, అంచు కొరికింది కూడా నువ్వే. పది దరఖాస్తుల నకళ్ళు కూడా ఉన్నాయి. మౌస్ పీకి పక్కన పెట్టు. గుడ్డ తీసుకుని తెరకు కప్పు. కాగితం చూస్తూ పదీ కొట్టు. ఆ తర్వాత నాకు కంటి డాక్టరును చూపిద్దువుగాని.

ఇట్లు
వయసు మీరిన ఆపరేటర్


కడప,
27 జూన్ 2007

అక్కా,

నమస్కారం అని రాయడానికి మొహం చెల్లలేదు.

నువ్వు చెప్పినట్లే చేశాను. సర్వర్ మా ఆఫీసులోనే ఉంటుంది, లెక్క వెంటనే వచ్చేస్తుంది కాబట్టి, కనెక్షన్‌ను మీ డోన్ అంత నెమ్మదిగా చేసి, గుడ్డ కప్పి కొట్టాను. నాకున్న స్పీడుకే పదింట్లో ఏడు తప్పాయి. పదోది అయ్యాక సరదాకు నా పేరు కొట్టాను, చివర నాన్న పేరు. గుడ్డ తీసి చూస్తే రైతు పేరు నాన్నది. బట్టల షాపు ఆయనకు నాలుగు మూటల బుడ్డలు మంజూరయ్యాయి.

తప్పు ఎక్కడుందో చెబుతాను. ఒక్క ముక్క మారిస్తే చాలునని నీకు గొప్పగా రాశాను కదా, నిజానికి నేను ఫారం మొత్తాన్నీ తీసేసి, దాని స్థానంలో కొత్తది పెడుతున్నాను. చూపుకు తెలియదు, అంతే. ఫారం కొత్తగా వస్తే కర్సర్ మొదటి గడిలో పెట్టి, అందులో ఉన్నది చెరిపి కొత్తది కొట్టుకునేలా ఉంచమని ఒక లైను రాశాను. మర్యాదగా ఉంటుందనుకున్నాను. అప్పటికే లోపల ఒక మనిషి పని చేస్తుంటుందని తట్టలేదు. మేమందరం మౌస్‌తోనే పరీక్షించాం. మా ఆఫీసులో ట్యాబ్ మీటకు దుమ్ము పట్టింది.

ఇంకొకటి. ఏప్రిల్‌లో ఒకసారి కర్సర్ పైకి దూకడం నేను చూశాను. మళ్ళీ నొక్కుకుంటారులే అనుకుని వదిలేశాను. రిపోర్టు రాసేటప్పుడు అది గుర్తొచ్చింది.

ఇప్పుడు సరిచేశాను. విత్తనం లెక్క ఉన్న గడి ఒక్కటే మారుతుంది. మార్చేముందు కర్సర్ ఏ గడిలో, ఎన్నో అక్షరం దగ్గర ఉందో గుర్తుపెట్టుకుని, మార్చాక అక్కడే ఉంచుతుంది. సగం కొట్టినది పోదు. చివరి గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు పోదు. గుడ్డ కప్పి యాభై కొట్టాను, ఒక్కటీ తప్పలేదు. సోమవారం నుంచి మీ దగ్గర కొత్తది వస్తుంది.

రిపోర్టు విషయం మాత్రం అట్లాగే వదిలేద్దాం అక్కా. సంఘంతో మా కాంట్రాక్టు వచ్చే నెల మళ్ళీ రాయాలి. మా ఓబుళేశు సార్ "ఇప్పుడు తప్పు మనదని రాస్తే దుకాణం మూసుకోవాలప్పా" అంటున్నాడు. నెల పోయాక ఎవరికీ తెలియకుండా నిన్ను మళ్ళీ కౌంటర్‌లో కూర్చోబెట్టేలా సెక్రటరీతో మాట్లాడతానన్నాడు.

ప్రదీప్


డోన్,
3 జూలై 2007

ప్రదీప్‌కు,

కొత్త ఫారం వచ్చింది. ప్రేమయ్య భోజనానికి వెళ్ళినప్పుడు కూర్చుని కొట్టి చూశాను. బాగుంది. వేలు ఎక్కడుంటే కర్సర్ అక్కడే ఉంది. పని వచ్చినవాడివే, ఆ మాట దాచను.

ఎవరికీ తెలియకుండా కూర్చోబెడతారా? నన్ను తీసేసింది ఎవరికీ తెలియకుండానా? కౌంటర్ పక్కన నోటీసు బోర్డు మీద నీ రిపోర్టు అంటించారు. రోజూ దాని ముందు నుంచే వెనక గదిలోకి పోతున్నాను. నా దగ్గర నేర్చుకున్న గిడ్డమ్మ మొన్న వచ్చి, అది చదివి, నన్ను చూసి తల వంచుకుని పోయింది. ఆ పిల్లకు నిమిషానికి యాభై మాటలు నేర్పింది నేను.

శనివారం మంచి వాన పడింది. నలభై మూడు మందిలో ముప్పై మందికి ఇంకా కూపన్లు మార్చలేదు, ప్రేమయ్య వేలు అంతవరకు రాలేదు. చెన్నమ్మ పొద్దున్న వచ్చి మెట్ల మీద కూర్చుంది. "నేల పదును ఆరిపోతాండాదమ్మా. మబ్బు మళ్ళా ఎప్పుడొస్తాదో ఎవురు జూసినారు? నాది నువ్వే కొట్టగూడదా?" అన్నది. నాకు మీట ముట్టుకునే అధికారం లేదని చెప్పాను. "నీ తప్పేమన్నా ఉండాదా?" అని అడిగింది. గోడ మీద కాగితం ఉందని, నా తమ్ముడే రాశాడని చెప్పలేక లోపలికి వెళ్ళిపోయాను.

పోయినవాళ్ళ పేర్లు కూపన్ల మీద నుంచి దించావు. నా పేరు గోడ మీదే ఉంది. నీ కర్సర్‌ను ఎక్కడి నుంచి లేపావో అక్కడే మళ్ళీ కూర్చోబెట్టడం నేర్చుకున్నావు కదా, మనిషిని కూడా అట్లాగే కూర్చోబెట్టాలి. పదిమంది ముందు లేపినదాన్ని పదిమంది ముందే.

అది చేతకాకపోతే ఇక ఉత్తరాలు రాయవద్దు. సిగ్నల్ లేదనుకుంటాను.

సుబ్బరత్నమ్మ


కడప,
9 జూలై 2007

అక్కకు,

దీనితో ఉన్న కాగితం నకలు. అసలుది సెక్రటరీ గారికి రిజిస్టర్ పోస్టులో పంపాను.

ఓబుళేశు సార్ లెటర్‌హెడ్ ఇవ్వనన్నాడు. "నీ ఇష్టం, కానీ కంపెనీ పేరు మీద కాదు" అన్నాడు. ఆఫీసులో ప్రింటర్ కూడా వాడుకోనివ్వలేదు. అందుకే కోర్టు పక్కన టైపు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మిషన్ అడిగి తీసుకుని నేనే కొట్టాను. చేతుల మీద నీ గుడ్డ కప్పుకున్నాను. అరపేజీకి గంటన్నర పట్టింది. అక్కడి పెద్దాయన "ఎవురప్పా నీకు నేర్పింది?" అని అడిగాడు. నీ పరువు పోతుందని చెప్పలేదు.

"విత్తన సంఘం సెక్రటరీ గారికి. జూన్ పదకొండున నేను ఇచ్చిన రిపోర్టు అబద్ధం. నలభై మూడు కూపన్లలో పడిన తప్పులు ఆపరేటర్ సుబ్బరత్నమ్మ గారివి కావు. ఆమె సరిగ్గా కొట్టిన పేర్లను నేను రాసిన ఫారం వేరే గడిలో వేసింది. ఈ లోపం నాకు ఏప్రిల్‌లోనే కనిపించింది. రిపోర్టు రాసేటప్పుడు తెలిసే దాచాను. ఈ కాగితాన్ని పాత రిపోర్టు అంటించిన చోటే అంటించమని కోరుతున్నాను. ప్రదీప్‌కుమార్."

ఇంకేమీ రాయలేను.

తమ్ముడు


డోన్,
14 జూలై 2007

చిరంజీవి ప్రదీప్‌కు అక్క ఆశీస్సులు.

నీ కాగితం గోడ మీదికి ఎక్కింది. పాతదాన్ని చించేయబోతే నేనే వద్దన్నాను, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపిస్తున్నారు. గిడ్డమ్మ ప్రత్యేకంగా వచ్చి చదువుకుని, ఈసారి తల ఎత్తి నవ్వి పోయింది.

గురువారం నుంచి మళ్ళీ నా కుర్చీలో ఉన్నాను. మొదట కొట్టింది చెన్నమ్మ దరఖాస్తు. ముప్పై కూపన్లూ గంటలో అయిపోయాయి. అందరికీ విత్తనం అందింది, పదును మాత్రం చాలా చేలల్లో ఆరిపోయింది. చెన్నమ్మ చేను పల్లంలో ఉంది కాబట్టి కొంచెం తడి మిగిలింది, నిన్న విత్తింది. మిగతావాళ్ళు మబ్బు కోసం చూస్తున్నారు. వాళ్ళ ముందు నువ్వూ నేనూ ఏ కాగితం పెట్టినా ఆ వాన తిరిగి రాదు. అది గుర్తుపెట్టుకో.

నువ్వు పంపిన నకలును ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. మూడో వరుసలో అక్షరం మీద అక్షరం పడింది. ఐదో వరుసలో మాటల మధ్య ఖాళీ లేదు. రెండు చోట్ల మార్జిన్ దాటావు. మొత్తం పదకొండు తప్పులు. లోయర్ మూడోసారి కూడా తప్పావు నాయనా. గుడ్డ నీ దగ్గరే ఉంచుకో, అవసరం ఉంది.

సెక్రటరీ గారు కాగితం చదివి, సంతకం కింద హోదా లేదేమని అడిగారు. ఊడిపోయి ఉంటుందని నేను ఊహించుకున్నాను, ఆయనకు చెప్పలేదు. "ఇంతకీ ఎవరమ్మా ఈ ప్రదీప్‌కుమార్?" అన్నారు. కౌంటర్ ముందు ముప్పై మంది ఉన్నారు.

"మా తమ్ముడు సార్. నా దగ్గరే నేర్చుకున్నాడు" అని అందరికీ వినపడేలా చెప్పాను.

అక్క